దారిలో పోయే కాయలు

కాటా మీద చివరి తట్ట పడ్డాక మేస్త్రీ రామాంజులు "సరి" అని గట్టిగా అన్నాడు. ఆ మాటతో తూకం అయిపోయినట్టు. హమాలీలు మాత్రం ఆగలేదు. కుప్పలోంచి మళ్ళీ తట్టలు నింపి, కాటా ఎక్కించకుండా నేరుగా లారీలోకి దొర్లించడం మొదలుపెట్టారు.

గార్లదిన్నె చుట్టుపక్కల చీనీ తోటల్లో, అంటే బత్తాయి తోటల్లో, ఇది వింత కాదు. టన్నుకు వంద కిలోల కాయ లెక్కకు రాకుండా వ్యాపారికి పోతుంది. దాన్ని సూట్ అంటారు. కాయ దూరం పోవాలి, దారిలో కొంత నలుగుతుంది, కొంత కుళ్ళుతుంది. ఆ నష్టాన్ని తోటలోనే రైతు దగ్గర పట్టుకోవడం. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. ఈ కాయ కొంటున్న ఓబిలేష్ ఈ వ్యాపారంలోకి వచ్చేనాటికే ఉంది, ఆయన కొనసాగించాడు.

బయమ్మ కొంగు నడుముకు దోపుకొని కుప్ప పక్కనే నిలబడి ఉంది. యాభై దాటిన మనిషి. భర్త తిమ్మప్పకు మోకాళ్ళు పట్టేసినప్పటి నుంచి తోట ఆమెదే, బేరం ఆమెదే.

"ఓబిలేషూ, ఈ కాయలు యాడికి పోతాండాయి?"

"నాగపూర్‌కు అక్కా."

"అది కాదప్పా నేనడిగేది. ఈ సూట్ కాయలు యాడికి పోతాయి?"

"దారిలో పోతాయి."

"దారిలో అంటే యాడ? గుత్తి కాడనా, కర్నూలు కాడనా?"

హమాలీలు నవ్వారు. ఓబిలేష్ కూడా నవ్వాడు. "కుళ్ళిపోతాయక్కా. ఎండ, కుదుపులు. నీకు తెలీందేముండాది?"

"తెలీకనే అడుగుతాండా. నువ్వు చూసినావా?"

ఓబిలేష్ లారీ వైపు చూశాడు. ఆయన కాయ కొంటాడు, లారీ ఎక్కిస్తాడు, ఫోన్లో నాగపూర్ సేఠ్‌తో మాట్లాడతాడు. మిగిలింది లారీ పని. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా లోడు వెంట పోలేదు.

"నువ్వు చూడల్యా, నేను చూడల్యా. ఎవరూ చూడనిదానికి ఇన్ని కాయలు ఇయ్యాల్నా?"

"అందరూ ఇస్తాండారు గదక్కా."

"అందరి ఇంటికీ కట్టెల బేరగాడు వచ్చి పోతాండాడా?"

ఆ సంగతి ఓబిలేష్‌కు తెలుసు. బోరు ఎండిపోయింది. ఈ కాపు చేతికొచ్చాక చెట్లను ఎండాకాలం దాటించడమా, కొట్టించి కట్టెలకు అమ్మడమా అన్నది బయమ్మ తేల్చుకోవాలి. బేరగాడు అప్పుడే రెండుసార్లు వచ్చి మానులు చూసి పోయాడు.

ఓబిలేష్‌కు తెలిసింది ఇంకొకటి కూడా ఉంది. చెట్ల పాదుల్లో మన్ను ఇంకా తడిగా ఉంది. ట్యాంకర్ వచ్చి పోయిన చక్రాల జాడలు గట్టు దాకా ఉన్నాయి. కోతకు ముందు నీళ్ళు కడితే కాయ ఊరుతుంది, తూకం వస్తుంది. ఈ ఊళ్ళలో చీనీ తోట ఉన్నవాళ్ళంతా చేసేదే. పొద్దున తోటలో అడుగు పెట్టగానే చూశాడు, ఏమీ అనలేదు. సూట్ ఉండగా అనాల్సిన పని లేదు.

బయమ్మ లారీ వైపు నడిచింది. చెప్పులు విప్పి చేత పట్టుకొని, లారీ మెట్టు మీద కాలు పెట్టి, క్యాబిన్‌లోకి ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది.

"ఏమక్కా ఇది?"

"పోతాండా, నా కాయలెంబడి."

"నాగపూర్ అంటే అనంతపురం అనుకున్నావా? ఒళ్ళు హూనమైపోతాది."

"కాయలు ఓర్చుకుంటాండాయి గదా. నేను కాయకంటే మెత్తనా?"

ఓబిలేష్ తిమ్మప్ప వైపు తిరిగాడు. ఆయన వేపచెట్టు కింద మంచం మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. "నన్ను చూస్తావేంటికప్పా? పెండ్లయినప్పటి నుంచి ఆపల్లని చూస్తాండా. నీకు చేతనైతే ఆపు" అన్నాడు.

ఓబిలేష్ ఎండలో నిలబడి లెక్క వేశాడు. ఆమెను బలవంతంగా దించితే గొడవ, గొడవతో లోడు ఆగుతుంది. ఆమెను ఒక్కదాన్నే పంపితే నాగపూర్ సేఠ్ ఎదుట కూర్చుంటుంది. సేఠ్ నంబరు ఆమె ఫోన్లోకి ఎక్కుతుంది. ఒక రైతు ఫోన్లోకి ఎక్కిన నంబరు మరుసటి రోజుకు ఊరందరి ఫోన్లలో ఉంటుంది. అన్నిటికంటే తక్కువ నష్టం తానూ పోవడమే. ఇంటికి ఫోన్ చేసి ఒక జత బట్టలు తెప్పించుకున్నాడు. ఆ లోపల బయమ్మ ఇంటి నుంచి ఒక మూట వచ్చింది.

డ్రైవర్ వీరేష్ లోడు మీదకు టార్పాలిన్ పట్ట లాగుతూ, "ఎట్ల కట్టమంటావన్నా?" అని అడిగాడు.

"ఎప్పుడూ కట్టినట్టే. గాలి దూరకుండా బిగించు. కాయ ఎండితే తూకం తగ్గుతాది."

పామిడి దగ్గర పెన్న వంతెన మీద వీరేష్ లారీని నిదానం చేశాడు. కింద ఇసుక, ఇసుకలో కంపచెట్లు, ఒక పక్క మేకలు. బయమ్మ ఒడిలో నాలుగైదు చీనీకాయలు పెట్టుకొని కూర్చుంది. కోతలో తాను ఏరి పక్కన పెట్టుకున్నవి.

"ముందర ఏమేమి నదులు వస్తాయి నాయనా?" అని వీరేష్‌ను అడిగింది.

"తుంగభద్ర, కృష్ణ, గోదావరి. ఆమీద పెన్‌గంగ. వార్ధా అని ఇంకోటి."

"అన్నింట్లో నీళ్ళుంటాయా?"

"మన పెన్న కంటే మేలేలే పెద్దమ్మా."

కర్నూలులో తుంగభద్ర కనిపించగానే ఆమె కిటికీలోంచి చెయ్యి చాచి ఒక కాయను రైలింగ్ మీదుగా విసిరింది. కాయ నీళ్ళలో పడిందో లేదో కనబడలేదు.

"అందరూ రూపాయి వేస్తారక్కా" అన్నాడు ఓబిలేష్.

"రూపాయిని నీళ్ళేం చేసుకుంటాయి? కాయైతే చేపలన్నా తింటాయి."

"మరి పెన్నకు వెయ్యకపోతివే?"

"దానికేసినా ఇసకలో ఎండుతాది. అది మనింటి మనిషప్పా, ఏమీ అనుకోదు."

వీరేష్ పగలబడి నవ్వాడు. ఓబిలేష్‌కు నవ్వు రాలేదు కానీ ఆ మాట ఆయన మనసులో ఉండిపోయింది.

బయమ్మ అంతవరకూ ఉత్తరాన కర్నూలు దాటిన మనిషి కాదు. ఓబిలేష్ అనుకున్నది, కాసేపటికి వాంతులు చేసుకుంటుందని, లేదా తిరిగిపోదామంటుందని. ఆమె మాత్రం తోటలో కాయలు చూసినట్టే దారిని చూసింది. ఎర్ర నేల పోయి నల్ల నేల ఎక్కడ మొదలైందో చెప్పింది. ఎండిన మొక్కజొన్న కట్టెను చూసి ఎన్ని నీళ్ళు అంది ఉంటాయో అంచనా కట్టింది. టోల్‌గేట్ల దగ్గర వేరుశనగకాయలమ్మే ఆడవాళ్ళతో బేరమాడి, కొనకుండా, వాళ్ళ ఊళ్ళో వాన సంగతి మాత్రం అడిగి తెలుసుకుంది. కృష్ణలో ఒక కాయ వేసింది. హైదరాబాద్ చుట్టూ తిరిగే పెద్ద రోడ్డు మీద కూర్చునే నిద్రపోయింది.

తెల్లారేసరికి గోదావరికి ఇవతల ఒక ధాబా ముందు ఆగారు. ఓబిలేష్ దిగి టీ చెప్పాడు. ముగ్గురికీ నులక మంచం ఒకటే దొరికింది. బయమ్మ మూట విప్పింది. జొన్న రొట్టెలు, స్టీలు డబ్బాలో ఊరిబిండి. వేయించిన శెనక్కాయలు, పచ్చిమిరపకాయలు రోట్లో దంచిన వాసన మంచం చుట్టూ వ్యాపించింది. పక్క మంచం మీద తలపాగా కట్టిన పెద్దాయన ఒకడు, పంజాబు లారీ డ్రైవర్, ఇటే చూస్తున్నాడు. బయమ్మ ఒక రొట్టె మీద ఊరిబిండి వేసి చేతికిచ్చింది. ఆయన తిని, కళ్ళ నీళ్ళు తుడుచుకుని, ఇంకో రొట్టెకు చెయ్యి చాచాడు. పోయేటప్పుడు తన లారీలోంచి ఇంత పెద్ద బెల్లం ముద్ద తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఇద్దరి మధ్యా ఒక్క మాట జరగలేదు.

"నీదేవూరు నాయనా?" బయమ్మ వీరేష్‌ను అడిగింది.

"వజ్రకరూరు పెద్దమ్మా."

"అయితే మీ అమ్మ వజ్రాల రాళ్ళేరను పోతాదా?"

"తొలకరి పడితే ఇంట్లో ఉండదు. ఊరంతా చేన్లలోనే. ఒకసారి ఒకటి దొరికిందని పరిగెత్తుకుంటా వచ్చింది. గాజు పెంకు."

"వజ్రమే దొరికింటే లారీ తోలుతావా?"

"తోలను. లారీ కొంటా. ఈ ఓబిలేషన్నను డ్రైవర్‌గా పెట్టుకుంటా."

"జీతం సరిగా ఇయ్యి" అన్నాడు ఓబిలేష్.

ఆ మాటల్లోనే బయటపడింది, వీరేష్‌కు ఒక కూతురుందని, ఆరేళ్ళదని, చెవి సరిగా వినబడదని, అనంతపురంలో మిషను పెట్టించాడని, నాయన లారీ హారన్ మాత్రం ఆ పిల్ల ఎంత దూరాన్నుంచైనా పోల్చుకుంటుందని. మూడేళ్ళుగా వీరేష్ ఓబిలేష్ లోడ్లు తోలుతున్నాడు. రోజుకు నాలుగుసార్లు ఫోన్లో మాట్లాడతాడు. "ఎంత వరకు వచ్చినావు?" అన్న ప్రశ్న తప్ప ఇంకొకటి ఎప్పుడూ అడిగినట్టు ఓబిలేష్‌కు గుర్తు రాలేదు. టీ గ్లాసు కింద పెట్టి, వక్కపొడి నోట్లో వేసుకున్నాడు.

బయమ్మ లేచి చేతులు కడుక్కుని లారీ వెనక్కి నడిచింది.

"కాయలు ఎట్లుండాయో చూడాల. పట్ట విప్పు నాయనా."

వీరేష్ ఓబిలేష్ మొహం చూశాడు. ఓబిలేష్ తలూపాడు. తాడు ఒక మూల విప్పగానే లోపలి గాలి మొహానికి కొట్టింది. బయమ్మ లారీ వెనక డాలా పలక మీద కాలు పెట్టి ఎక్కి, కాయల మధ్యకు మోచేతి దాకా చెయ్యి దూర్చింది. జ్వరమొచ్చిన పిల్ల కడుపు మీద చెయ్యి పెట్టినట్టు అలాగే కాసేపు ఉంచింది.

"రా, నువ్వూ పెట్టి చూడు."

ఓబిలేష్ ఎక్కి చెయ్యి పెట్టాడు. బయట తెల్లవారి చలి. లోపల కాగుతోంది. మొదటిసారి ఆయనకు తాను చెప్పిన మాట, గాలి దూరకుండా బిగించమన్నది, తన చేతికే తగిలింది.

"ఎప్పుడూ ఇట్లే ఉంటాదా వీరేషూ?"

"ఎండలు మొదలైతే ఇట్లేనన్నా. ఇంతకుముందు నేను చెప్పబోతే నువ్వు ఫోన్ పెట్టేసినావు."

పట్ట రెండు వైపులా కొంచెం ఎత్తి కట్టించాడు ఓబిలేష్. అప్పటికి చాలా దూరం వచ్చేశారు.

గోదావరికి ఒక కాయ, పెన్‌గంగకు ఒకటి ఇచ్చింది బయమ్మ. వార్ధా దగ్గరకొచ్చేసరికి ఒడి ఖాళీ అయింది. ఒక్క క్షణం ఆలోచించి, పంజాబు ఆయన ఇచ్చిన బెల్లంలోంచి ముక్క విరిచి వేసింది.

నాగపూర్ మార్కెట్లో మర్నాడు పొద్దున ఏడు గంటలకే చెవులు గింగురుమనేంత అరుపులు. పెద్ద రేకుల షెడ్డు కింద వరసగా కాయల కుప్పలు. లారీ డాలా దించగానే బయమ్మ కాయలు జలజలా నేల మీదకు దిగాయి. దేవ్‌రావు సేఠ్ పంచె ఎగగట్టుకుని వచ్చి ఓబిలేష్‌ను పైకీ కిందికీ చూశాడు. ఫోన్లో ఇన్నేళ్ళుగా విన్న గొంతుకు ఈ మనిషిని అతికించుకోవడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది. తర్వాత నవ్వి కావలించుకున్నాడు.

వేలం పాడే ముందు కాయ ఏరాలి. గోచీ కట్టు చీరల్లో నలుగురు ఆడవాళ్ళు గోనెసంచులు పరుచుకుని కుప్ప చుట్టూ కూర్చున్నారు. చేతులు కళ్ళకంటే ముందు పోతున్నాయి. ఒక్కో కాయను తీసుకోవడం, బొటనవేలితో ఒకచోట నొక్కడం, మంచిదైతే కుడివైపు, కానిదైతే వెనక్కి. వెనక్కి పోయే కాయల చప్పుడు మెత్తగా, తడిగా వినబడుతోంది.

ఓబిలేష్ ఆ చప్పుడునే విన్నాడు. పాడైన కుప్ప పెరుగుతోంది. సూట్ కింద పట్టుకున్నంత కాయ అప్పుడే అందులో ఉంది, ఇంకా పెరుగుతోంది. ఆయనకు ఊపిరి కుదుటపడింది. ఇంత దూరం వచ్చినందుకు లెక్క తన వైపే తేలింది. "చూసినావు గదక్కా, యాడికి పోతాయంటివే" అనాలని మాట తయారు చేసుకున్నాడు.

చెప్పబోయేసరికి బయమ్మ పక్కన లేదు. ఆడవాళ్ళ మధ్య ఒక గోనెసంచి మీద కూర్చుని తానూ కాయ ఏరుతోంది. పక్కనున్న మనిషి, సుమన్‌బాయి అట, ఆమె బొటనవేలిని పట్టుకుని ఎక్కడ నొక్కాలో చూపిస్తోంది. బయమ్మ నేర్చుకుంటోంది. ఒకటి తప్పు వైపు వేస్తే సుమన్‌బాయి చేతి మీద చిన్న దెబ్బ వేసింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

సేఠ్ పాడైన కాయ ఒకటి తీసి, చీల్చి, హిందీలో ఏదో అన్నాడు. షెడ్డులో వాళ్ళంతా గొల్లుమన్నారు.

"ఏమంటాండాడప్పా?" బయమ్మ అడిగింది.

వీరేష్ తల గోక్కున్నాడు. "మీ అనంతపురమోళ్ళు కాయలు పంపరు, నీళ్ళు పంపుతారంట. అవి కూడా ఉడకబెట్టి పంపుతారంట."

"నాకెప్పుడూ చెప్పకపోతివే సేఠ్?" అన్నాడు ఓబిలేష్, తనకొచ్చిన హిందీలో.

"నువ్వెప్పుడు వచ్చావు? ఫోన్ చేస్తావు, ధర అడుగుతావు, పెట్టేస్తావు. అందుకే నేనూ నీ దగ్గర నష్టం ముందే తగ్గించి ధర చెప్తాను. రైతు దగ్గర నువ్వు పట్టుకోవూ?"

ఓబిలేష్ మెల్లగా బయమ్మ వైపు చూశాడు. ఆమెకు హిందీ రాదు. అయినా మాట అర్థం కాని మనిషిలా లేదు. సుమన్‌బాయిని తట్టి, పాడైన కాయ చూపి, ఎందుకని చేతితో అడిగింది. సుమన్‌బాయి తొక్క పగిలిన కాయను పిండింది. నీళ్ళు ధారగా కారాయి. రెండు చేతులూ దోసిలి పట్టి చెట్టు మొదట్లో పోస్తున్నట్టు చూపి, "పానీ, పానీ" అంది. తర్వాత మెత్తబడి మాగిన ఇంకో కాయ తీసి, కొంగు నెత్తి మీదుగా ముఖానికి బిగించి చుట్టుకుని, ఊపిరాడనట్టు కళ్ళు తేలేసింది. చుట్టూ ఉన్నవాళ్ళు మళ్ళీ నవ్వారు.

బయమ్మ నవ్వలేదు. ఆమె చెయ్యి ఆగిపోయింది. కాసేపటికి పాడైన కుప్ప ముందుకు జరిగి కూర్చుంది. తొక్క పగిలినవి ఒక పక్కకు, మాగిపోయినవి ఒక పక్కకు వేయడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పని పని. సుమన్‌బాయి ఏమీ అడక్కుండా తానూ జరిగి సాయం పట్టింది. ఎండ ఎక్కేసరికి అక్కడ రెండు కుప్పలయ్యాయి. దాదాపు ఒక ఎత్తే.

"ఓబిలేషూ, ఇట్లా రా."

వచ్చాడు.

"ఇది నేను కట్టిన నీళ్ళు." మొదటి కుప్ప చూపింది. రెండో కుప్ప వైపు గడ్డం ఎత్తింది. "అది నువ్వు కట్టిన పట్ట."

ఓబిలేష్ ఒక్కో కుప్పలోంచి ఒక్కో కాయ తీసి నొక్కి చూశాడు.

"నేనూ తూకం కోసమే చేస్తి. నువ్వూ తూకం కోసమే చేస్తివి" అంది బయమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. సంతలో ఎద్దు పళ్ళు చూసి వయసు చెప్పినట్టు చెప్పింది. లేచి చేతులు కడుక్కోవడానికి పోయింది.

ఓబిలేష్ చాలా మందితో బేరమాడాడు. ఎదుటివాడి తప్పు పట్టినవాళ్ళను చూశాడు, తమ తప్పు దాచినవాళ్ళను చూశాడు. పరాయి ఊళ్ళో, పదిమంది ముందు, తన తప్పును తన చేత్తోనే ఏరి కుప్ప పోసిన మనిషిని మాత్రం చూడలేదు. ఆ కుప్పలు ఎత్తి బండిలో వేసేదాకా అక్కడే నిలబడ్డాడు.

మధ్యాహ్నం ఆడవాళ్ళు అన్నాలకు కూర్చున్నారు. సుమన్‌బాయి గుడ్డలోంచి జొన్న రొట్టె తీసి "భాకరీ" అంది. బయమ్మ తన మూటలోంచి తనది తీసి "రొట్టె" అంది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. సుమన్‌బాయిది కొంచెం మందం. ఊరిబిండి డబ్బా చేతులు మారింది.

తింటూ సుమన్‌బాయి ఏదో చెప్పడం మొదలుపెట్టింది. చెప్తూ చెప్తూ కుడిచేతిని గొడ్డలిలా చేసి గాలిలో నరికింది. బయమ్మ నమలడం ఆపి వీరేష్‌ను చూసింది.

"ఈమెకు సంత్రా కమలాల తోట ఉండేదంట పెద్దమ్మా. బోర్లన్నీ ఎండిపోతే చెట్లు కొట్టించేసినారంట."

"ఎంత కాలమాయనంట?"

వీరేష్ అడిగాడు. సుమన్‌బాయి రొట్టె ముక్క వైపు చూస్తూ చెప్పింది.

"అది గుర్తు లేదంట. కొట్టించిన నెలకే వాన పడిందంట. అదొకటే గుర్తుండాదంట."

బయమ్మ దగ్గరికి జరిగింది. ఎడమచేతిని సుమన్‌బాయి మోకాలి మీద వేసింది. తినడం అయ్యేదాకా తీయలేదు.

లారీ ఎక్కేముందు సుమన్‌బాయి బయమ్మ ఫోన్ తీసుకుని తన నంబరు నొక్కి, తన ఫోన్ మోగేదాకా ఆగి, తిరిగి ఇచ్చింది. ఓబిలేష్ అంత దూరం వచ్చింది ఒక నంబరు ఆమె ఫోన్లోకి పోకుండా చూడటానికి. సేఠ్ నంబరు పోలేదు. పోయిన నంబరు ఇది.

తిరుగు దారిలో బయమ్మ వంతెన వచ్చినప్పుడల్లా కిందికి చూసింది. పామిడి దగ్గర పెన్న ఇసుక కనబడ్డాక, "ఓబిలేషూ, కోతకు ముందర పోసిన ఆ ట్యాంకర్ నీళ్ళు కోతైనాక పోసింటే చెట్టు ఎండాకాలం దాటుతాది గదా?" అంది.

ఓబిలేష్ లెక్క వేశాడు. "దాటుతాదక్కా."

"అంతే నాకు కావల్సింది. కట్టెల బేరగానికి ఫోన్ చేసి రావద్దని చెప్తా." కొంగు సర్దుకుని, "నా కుప్ప సంగతి ఊళ్ళో చెప్పుకుంటా" అంది.

ఓబిలేష్‌కు ఇల్లు చేరేదాకా అదే లెక్క. ఆమె కుప్ప సంగతి చెప్తే రెండో కుప్ప సంగతి దాని వెనకే వస్తుంది. వ్యాపారి పట్ట కింద కాయ ఉడికిపోతుందని, దానికి రైతు సూట్ ఇస్తున్నాడని తెలిస్తే తోటల్లో తనను కాలు పెట్టనియ్యరు. ఏం చెప్పాలో, ఎవరిని ఎలా సర్దాలో మనసులో వరసగా పెట్టుకున్నాడు.

వారం గడిచాక బయమ్మ పక్క తోట, చిన్నప్పది, కోతకొచ్చింది. ఓబిలేష్ సిద్ధపడే పోయాడు. గట్టు దిగుతూనే కళ్ళు అలవాటుగా పాదుల మీదకు పోయాయి. మన్ను బెడ్డలు కట్టి ఎండిపోయి ఉంది. ఆకులు కొంచెం వాడాయి. కాయ చిన్నదే, కానీ గట్టిగా, తొక్క బిగువుగా ఉంది.

"నీళ్ళు కట్టలేదా చిన్నప్పా?"

"యాడప్పా! బయమ్మక్క ఇల్లిల్లూ తిరిగి చెప్పె. కోతకు ముందర నీళ్ళు కట్టి మనమే కాయను చంపుకుంటాండామని. నాగపూర్లో అందరూ నవ్వినారంట గదా?"

"ఇంకేమి చెప్పింది?"

"ఇంకేముండాది? తప్పు నాదే, నా కండ్లతో చూస్తి అనె." చిన్నప్ప దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "ఏమన్నా ఉండాదా ఇంకా?"

ఓబిలేష్ చుట్టూ చూశాడు. బయమ్మ చెట్టు నీడలో కూర్చుని, కోసిన కాయలు ఏరుతోంది. ఇరుగుపొరుగు సాయం. ఆమె బొటనవేలు సుమన్‌బాయి చూపిన చోటనే నొక్కుతోంది. ఆయన పోయి ఎదురుగా నిలబడ్డాడు.

"పట్ట సంగతి చెప్పలేదంట గదక్కా?"

"నా కుప్ప నేను చెప్పుకుంటి. నీ కుప్ప నేనెట్ల చెప్తా?" తలెత్తకుండానే అంది. చేతిలో కాయను మంచివాటిలో వేసింది.

కాటా దగ్గర మేస్త్రీ రామాంజులు గట్టిగా "సరి" అన్నాడు. హమాలీలు తట్టలు నింపుకొని లారీ వైపు కదిలారు.

"ఆగండి" అన్నాడు ఓబిలేష్.

అందరూ ఆగారు. ఇరవై ఏళ్ళ వ్యాపారంలో కాటా దగ్గర ఆయన తట్టలను ఆపింది లేదు.

"వీరేషూ, పట్ట తీసెయ్. నిన్న తెచ్చిన వల ఉండాది, అది కట్టు. నడిమధ్యలో గాలి పోను దారి ఇడిసి గడ్డి పరుచు."

"గాలి తగిలితే తూకం తగ్గుతాదంటివే అన్నా?" రామాంజులు అన్నాడు.

"తగ్గనీ. ఇన్ని దినాలు నా పట్ట కిందనే కాయ మగ్గి చచ్చింది. సగం దానికే పోయింది. బయమ్మక్క చూసింది, నేనూ చూస్తి." చిన్నప్పకు వినబడేలాగే అన్నాడు. అనేశాక అనుకున్నంత బరువుగా లేదు.

చిన్నప్ప బయమ్మ వైపు చూశాడు. ఆమె కాయలు ఏరుతూనే ఉంది.

"మరి సూట్?" రామాంజులు తట్ట వైపు చూపించాడు.

"కుప్పలోనే పొయ్యండి. ముందుగా పట్టుకునేది వద్దు. ఈ లోడుతో నేనూ పోతాండా. ఆడ చూసి ఎంత పోతే అంతే, వచ్చి చెప్తా. ఏమి చిన్నప్పా?"

చిన్నప్ప కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "నువ్వు పోతానంటే నేను రావల్సిన పని ల్యా" అన్నాడు.

వల కట్టడం అయింది. ఓబిలేష్ క్యాబిన్ ఎక్కి కూర్చున్నాడు, ఆ రోజు బయమ్మ కూర్చున్న కిటికీ పక్కన. లారీ కదలబోతుంటే బయమ్మ వచ్చింది. ఒక చేతిలో ఊరిబిండి డబ్బా. రెండో చేతిలో నూనె డబ్బాలో నాటిన చీనీ అంటు, మూరెడు ఎత్తుది, నాలుగు ఆకులు తళతళలాడుతున్నాయి.

"ఇది సుమన్‌బాయికి. వాళ్ళింటి ముందర ఒక చెట్టుకు జాగా ఉండాదంట, ఫోన్లో చూపించింది. వానలు పడినాక నాటుకోమను."

"ఆమె మాట నీకు అర్థమైతాదా అక్కా?"

"మాటేంటికప్పా, జాగా చూపించింది గదా." రెండు డబ్బాలూ కిటికీలోంచి అందించింది. "అంటును కాళ్ళ నడుమ పెట్టుకో. కుదుపులకు పడేసేవు."

పెన్న వంతెన దాటాక ఓబిలేష్ లారీ ఆపమన్నాడు. దిగి వెనక్కి పోయి, వల సందులోంచి కాయల మధ్యకు మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. కాసేపు అలాగే ఉంచాడు. తిరిగొచ్చి ఎక్కి, తాను తాగే సీసాలోంచి కొన్ని నీళ్ళు అంటు మొదట్లో పోశాడు.

"ఎట్లుండాయన్నా?"

"సల్లగుండాయి." అంటు డబ్బాను మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకున్నాడు. "ఇంగ పోనీ. అవునూ, మీ పాప పేరేమి వీరేషూ?"